జీఎస్ఎమ్ ఒక్కటే చూసి కాగితం కొనకు

ఒరేయ్ చిన్నోడా,

నువ్వు పంపిన డమ్మీ, అదే పుస్తకం నమూనా, చూశాను. ఈ వైపు చదువుతుంటే ఆ వైపు అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయి, కళ్ళు లాగేస్తున్నాయి. తప్పు ఇంకుదని ప్రెస్సు వాళ్ళతో గొడవ పడ్డావట. ముందు ఆ పేజీ కింద నల్ల కాగితం పెట్టి చూడు. వెనక అక్షరాలు మాయమైపోతే ఇంకు లోపలికి దిగలేదన్నమాట, తప్పు కాగితానిదే. నల్ల కాగితం పెట్టినా మరకల్లా అలాగే ఉంటే అప్పుడు వెళ్ళి అడుగు.

నేనూ మొదట్లో జీఎస్ఎమ్, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో ఆ బరువు చూసే కొనేవాణ్ణి. బరువు పెరిగితే కొంత మేలే, కానీ అసలు పని చేసేది పీచుల మధ్య ఉన్న గాలి. వెలుతురు లోపలికి వెళ్ళి పీచుకీ గాలికీ మధ్య అటూ ఇటూ చెదిరి వెనక్కి వస్తుంది, అందుకే కాగితం తెల్లగా, అవతలిది కనపడకుండా ఉంటుంది. నూనె చుక్క పడితే గాలి ఉన్న చోట నూనె చేరుతుంది, అవతలిది కనపడేలా గాజులా అయిపోతుంది, చూసే ఉంటావు. రోలర్ల మధ్య బాగా నొక్కి నున్నగా చేసిన కాగితం అదే జీఎస్ఎమ్‌లో గరుకు కాగితం కన్నా పలచగా అనిపించేదీ ఇందుకే. బైబిల్ కాగితం 40 జీఎస్ఎమ్ కూడా లేకుండా రెండు వైపులా అచ్చుకి తట్టుకుంటుందంటే అందులో కలిపే టైటానియం డయాక్సైడ్ లాంటి తెల్ల పొడుల చలవే.

కాబట్టి ఒపాసిటీ, అంటే అవతలిది కనపడకుండా దాచే గుణం, ఎంత శాతమో అడుగు. 90కి 95కి పెద్ద తేడా ఏముంటుందిలే అనుకోకు. వెనక నలుపు పెడితే మొదటిదాంట్లో 10 శాతం వెలుతురు పోతుంది, రెండోదాంట్లో 5, అంటే సగానికి సగం. మరీ తెల్లటిది కావాలని పట్టుబట్టకు, కాస్త క్రీమ్ రంగుదైతే అవతలిది తక్కువ కనపడుతుంది, చదవడానికీ హాయి.

కాగితం మార్చే వీలు లేకపోతే రెండు వైపులా లైన్లు సరిగ్గా ఒకదాని వెనక ఒకటి పడేలా పెట్టించు, ఖాళీల్లో అవతలి అక్షరాలు తొంగిచూడవు. ఫోటోలూ, ముదురు నలుపు పట్టీలూ మాత్రం టెక్స్ట్ వెనక పడనివ్వకు, వాటిని ఏ లైనూ దాచలేదు.

కొత్త కాగితం మీద ఒక్క ఫారం, అంటే ఒక షీటు మీద పడే పేజీలన్నీ, కొట్టించి పంపు, ఆరాక చూసి చెబుతాను.

మీ పెదనాన్న