ఫోబియా అని పేరు పెట్టే ముందు

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. బాబుకి కుక్కల ఫోబియా అని మూడు చోట్ల రాశావు. కుక్క కనిపిస్తే వాడేం చేస్తాడో మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశావు. నాకు కావాల్సింది ఆ ఒక్క ముక్కే. కౌన్సెలింగ్‌లో ఇన్నేళ్లు గడిపినదాన్ని కదా, ఎవరైనా వస్తూనే జబ్బు పేరు చెబితే దాన్ని కాసేపు పక్కన పెట్టి, అసలేం జరుగుతోందో చెప్పమంటాను.

మొరుగుతూ మీదికొచ్చే కుక్కని చూసి గుండె దడదడలాడితే అది జబ్బు కాదు, ఒళ్లు తన పని తాను చేస్తోంది. చీకటి, ఉరుములు, జంతువులు, కొత్త మనుషులు, ఇలా పిల్లలకు ఒక్కో వయసులో ఒక్కో భయం వస్తుంది. చాలామందిలో దానంతటదే పోతుంది కూడా. పెద్దవాళ్లలో మాత్రం బొద్దింకని చూసి కెవ్వుమనేవాళ్లు లేరా? అరిచాక చీపురు అందుకుని దాన్ని బయటికి తోసేస్తే వాళ్లది వట్టి భయమే.

ఎంత గట్టిగా అరిచారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఆ భయం బతుకులో ఎంత చోటు ఆక్రమించిందో అదే లెక్క. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన, మానసిక జబ్బుల్ని నిర్ధారించడానికి వాడే డీఎస్‌ఎం-5 అనే పుస్తకం ప్రకారం, ఫోబియా అనాలంటే భయం దాదాపు ప్రతిసారీ, వెంటనే కలగాలి. అసలు ప్రమాదానికి పొంతన లేనంతగా ఉండాలి. మనిషి దాన్ని తప్పించుకు తిరగాలి, లేదా నరకయాతనతో భరించాలి. అది చదువుకో పనికో నలుగురితో కలవడానికో అడ్డు రావాలి, లేదా మనిషిని బాగా బాధపెట్టాలి. ఇదంతా సాధారణంగా ఆరు నెలలు, ఆపైన సాగాలి. అంతకుముందు ఇంకో నియమం కూడా ఉండేది. తన భయం అతిగా ఉందని పెద్దవాళ్లయితే తమకే తెలిసుండాలి అనేవారు. 2013లో దాన్ని తీసేశారు. మంచిపని చేశారు, ఎందుకంటే చాలామందికి అది తెలియదు.

ఇక్కడే జనం పొరబడతారు. ఫోబియా ఉన్న మనిషి పైకి చాలా ప్రశాంతంగా కనిపించొచ్చు. లిఫ్ట్ అంటే ప్రాణం మీదికొచ్చే మనిషి, పై అంతస్తులో ఉద్యోగం వస్తే ఏదో సాకు చెప్పి వదులుకుంటాడు. లిఫ్ట్ ఎక్కడు కాబట్టి భయపడటం ఎవరూ చూడరు. ఇంట్లో వాళ్లకి కూడా అతను మెట్లెక్కడం ఆరోగ్యానికి మంచిదనుకునే మనిషి, అంతే.

కాబట్టి బాబు విషయంలో నువ్వు గమనించాల్సినవి వేరు. కుక్క ఉందని స్నేహితుడింటికి వెళ్లడం మానేశాడా? బయట ఆడుకోవడం తగ్గిందా? బొమ్మలోనో వీడియోలోనో కుక్కని చూసినా అంతే కంగారా? రేపు ఆ దారిన వెళ్లాలంటే ఈ రాత్రే కడుపునొప్పి వస్తోందా? ఎన్నాళ్లుగా?

ఇక ఆ పేరు గురించి. వాడు వింటుండగా "వీడికి ఫోబియా అండీ" అని చెప్పకు. పిల్లలు మన మాటల్ని బట్టే తామెవరో తెలుసుకుంటారు. అలా విన్నాక కుక్క ఎదురైన ప్రతిసారీ, తనలో ఏదో లోపం ఉందనడానికి వాడికి ఇంకో సాక్ష్యం దొరికినట్టే. ఇంట్లో మీరు కూడా పాపం ఫోబియా కదా అని దారి మార్చేస్తారు, వచ్చే కుక్కని తరిమేస్తారు. తప్పించుకున్న వెంటనే వాడి ప్రాణం కుదుటపడుతుంది. తప్పించుకోబట్టే బతికానని ఆ ఊరటే వాడికి నేర్పుతుంది. మర్నాడు భయం ఇంకాస్త పెరుగుతుంది. పిరికిమందు పొయ్యడం అంటారే, అది ప్రేమతో కూడా పొయ్యొచ్చు. "మగపిల్లాడివి, ఇంత పిరికితనమా" అని వెక్కిరించే మీ ఇంటి పెద్దలు ఇంకో ముద్ర వేస్తున్నారు. నా దృష్టిలో రెండూ ఒక తాను ముక్కలే.

అలాగని ఆ పేరే వద్దని కాదు. మీ ఆయన సంగతే చూడు. రక్తపరీక్షకి వెళ్తే కళ్లు తిరిగి పడిపోతాడని, అందుకే పరీక్షలు వాయిదా వేస్తున్నాడని రాశావు. అతనికి ఆ పేరు పనికొస్తుంది. రక్తం, ఇంజెక్షన్, గాయాలు చూస్తే వచ్చే ఫోబియా మిగతావాటిలాంటిది కాదు. మిగతా భయాల్లో గుండె వేగం, బీపీ పెరుగుతాయి. ఇందులో మొదట పెరిగి, తర్వాత దబ్బున పడిపోతాయి, అందుకే స్పృహ తప్పుతుంది. అలాంటి మనిషికి "ఒళ్లు వదులు చెయ్" అనే మామూలు సలహా బెడిసికొడుతుంది. స్వీడన్‌కి చెందిన లార్స్ యోరాన్ ఓస్ట్ అనే సైకాలజిస్ట్ 1980లలో దీనికి తిరగేసిన పద్ధతి తెచ్చాడు. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలు 10 నుంచి 15 సెకన్లు గట్టిగా బిగించి, ముఖం వేడెక్కాక వదలాలి. కాసేపాగి మళ్లీ బిగించాలి, ఇలా ఐదుసార్లు. బీపీ పడిపోకుండా అది కాపాడుతుంది. రక్తం తీసే చెయ్యి మాత్రం వదులుగా ఉంచాలి. ఇన్నాళ్లూ తన గుండె గట్టిది కాదని సిగ్గుపడ్డ మనిషికి, ఇది నలుగురికీ ఉన్నదే, దీనికో ఉపాయం ఉందని తెలిస్తే సగం భారం దిగుతుంది.

ఇంటర్నెట్‌లో దొరికే జాబితాల జోలికి మాత్రం పోకు. చిన్న చిన్న రంధ్రాల గుంపు చూస్తే ఒళ్లు జలదరించడానికి పెట్టిన ట్రైపోఫోబియా అనే పేరు 2005లో నెట్‌లోనే పుట్టింది. డీఎస్‌ఎంలో ఆ పేరు లేదు. అందులో జంతువులు, ప్రకృతి, రక్తం-ఇంజెక్షన్, లిఫ్ట్‌లాంటి సందర్భాలు, ఇతరాలు అని ఐదు రకాలే ఉన్నాయి. పరాయివాళ్లంటే గిట్టనివాళ్లకీ ఫోబియా అని పేరు తగిలిస్తారు, అది నాకు అసలు నచ్చదు. ద్వేషించేవాడికి జబ్బు సాకుగా దొరుకుతుంది, నిజంగా భయంతో నలిగేవాడికి చెడ్డపేరు వస్తుంది.

బాబు విషయంలో పేరు పెట్టాల్సింది వాడికి కాదు, ఆ క్షణంలో వాడి లోపల జరిగేదానికి. సాలెపురుగులంటే భయపడేవాళ్లతో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు, 2012లో అచ్చయింది. పెద్ద టారంటులా సాలీడు ఎదుట నిలబెట్టి, కొందరిని తమకేమనిపిస్తోందో ఉన్నదున్నట్టు మాటల్లో చెప్పమన్నారు. కొందరిని అదేం చెయ్యదులే అని సర్దిచెప్పుకోమన్నారు, కొందరిని వేరే విషయం మీదికి మనసు మళ్లించుకోమన్నారు. వారం తర్వాత అరచేతి చెమటని బట్టి కొలిస్తే, భయాన్ని మాటల్లో పెట్టినవాళ్ల ఒళ్లే మిగతావాళ్లకన్నా నెమ్మదించింది. అందుకే "ఏం భయం లేదు" అనకు. "భయమేస్తోందా? పదికి ఎంత? గుండె కొట్టుకుంటోందా, పారిపోవాలనుందా?" అని అడుగు. వాణ్ణే చెప్పనివ్వు.

తర్వాత మెట్టు మెట్టుగా. 1924లోనే మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ కుందేలంటే హడలిపోయే పిల్లాడికి, వాడు ఇష్టమైనది తింటుండగా కుందేల్ని కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చి భయం పోగొట్టింది. నువ్వూ బొమ్మలతో మొదలుపెట్టు. ఆ తర్వాత వీడియో, కిటికీలోంచి చూడటం, గొలుసుతో కట్టిన సాధు కుక్కకి దూరంగా నిలబడటం, ఒకడుగు ముందుకెయ్యడం. తర్వాతి మెట్టు ఎప్పుడన్నది వాడే చెప్పాలి. భయం బాగా ఎక్కినప్పుడు వెనక్కి లాక్కురాకు, పదిలో రెండు మూడు తగ్గేదాకా పక్కనే నిలబడు. తెలియని కుక్కకి దూరంగా ఉండటం మాత్రం మాన్పించకు, అది జ్ఞానం.

పైన అడిగినవాటికి జవాబులు రెండు వారాలు ఒక కాగితం మీద రాసిపెట్టు: ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశాడు, ఏం మానేశాడు. ఆరు నెలలుగా వాడి ఆటా చదువూ దెబ్బతింటుంటే చైల్డ్ సైకాలజిస్ట్ దగ్గరికి ఆ కాగితం తీసుకెళ్లు. ఇలా మెట్టు మెట్టుగా భయానికి ఎదురు నిలబెట్టే ఎక్స్‌పోజర్ థెరపీ చేస్తారా అని అడుగు. వట్టి మాటలతోనో మాత్రలతోనో సరిపెడతామంటే ఇంకొకరిని చూడు. ఆ కాగితం ఫొటో తీసి నాకూ పంపు.

నీ పెద్దమ్మ