బుర్జ్ ఖలీఫా చూడటానికి చీటీ పాడాలా?

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: "నాకు గుడ్డల కొట్టు ఉంది. నా భార్య ప్రభుత్వ బడిలో టీచరు. పాప ఇప్పుడే తొమ్మిదిలోకి, బాబు ఆరులోకి వచ్చారు. బావమరిది దుబాయ్‌లో ఉన్నాడు. ఈ దసరా సెలవుల్లో పిల్లలకు బుర్జ్ ఖలీఫా చూపించాలని ఉంది. ఏజెంటు నలుగురికీ 3 లక్షలంటున్నాడు, 14 శాతం వడ్డీకి 36 నెలల అప్పు కూడా ఇప్పిస్తానంటున్నాడు. 40 నెలల 4 లక్షల చీటీలో 16 వాయిదాలయ్యాయి. డివిడెండు పోను 1,30,000 కట్టాను. లక్ష వదులుకుంటే పాట నాకొస్తుంది. అన్నీ పోను నెలకు 12,000 మిగులుతుంది. అప్పా, చీటీయా?"

రెండూ వద్దండి. ఆ అప్పుకు నెలకు 10,253 వాయిదా పడుతుంది. మూడేళ్లలో వడ్డీయే 69 వేలు దాటుతుంది. మీకు మిగిలే 12,000లో 1,750 కూడా చేతిలో ఉండదు. కొట్టులో బేరం తగ్గిన నెలలో ఏం చేస్తారు?

చీటీ చవకగా కనిపిస్తుంది గానీ లెక్క వేయండి. పాడితే చేతికొచ్చే 3 లక్షల్లో 1,30,000 మీరు కట్టిన సొమ్మే. అసలు అప్పు 1,70,000. మిగిలిన 24 వాయిదాలు డివిడెండు పోను సగటున 9,000 అనుకున్నా 2,16,000 కడతారు. అంటే 46,000 అదనం. పైగా చివరిదాకా ఆగితే పెద్ద మొత్తం అందుకునే అవకాశం పోతుంది. పాప పై చదువుకు ఆ చీటీని అలాగే ఉంచండి.

నా సలహా, ప్రయాణాన్ని పాప పదో తరగతి పరీక్షలయ్యేదాకా జరపండి. నెలకు 12,000 చొప్పున 20 నెలల రికరింగ్ డిపాజిట్ వేస్తే, 6 శాతం వడ్డీకి దాదాపు 2,52,000 అవుతుంది. మార్చిలో అక్కడ ఎండా ఇంకా ముదరదు.

ఆ డబ్బు సరిపోతుందా? దుబాయ్ డబ్బు దిర్హమ్‌ను 25 రూపాయలుగా వేసుకోండి. హైదరాబాద్ నుంచి రానూపోనూ విమానం నలుగురికీ 90,000, వీసాలు 30,000, నాలుగు రాత్రుల హోటల్ 35,000, తిండి 19,000, మెట్రో, టాక్సీ 10,000, పలాస నుంచి రైలు 10,000, పాస్‌పోర్టులు 5,000, బీమా 3,000, టవర్ 20,000, మిగతా చూడదగ్గవి 10,000. మొత్తం 2,32,000. మిగిలిన 20,000 ముట్టుకోకండి. దిర్హమ్ విలువ డాలరుకు 3.6725గా కట్టి ఉంటుంది కాబట్టి, డాలరు ముందు రూపాయి తగ్గితే మీ ఖర్చూ పెరుగుతుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు ఈ లెక్క మళ్లీ వేసుకోండి.

బావమరిది ఇంట్లో దిగొచ్చని హోటల్ తీసేయకండి. బెడ్ స్పేస్‌లో, అంటే పలువురు పంచుకునే గదిలో, ఒక మంచం అద్దెకు తీసుకున్నవాళ్ల దగ్గర కుటుంబానికి చోటుండదు. ఆయనను ముందే అడగండి. హోటల్ బిల్లు మీద గదికి రోజుకు 7 నుంచి 20 దిర్హమ్‌ల టూరిజం రుసుము కూడా ఉంటుంది. ప్యాకేజీలో అది కలిసిందో లేదో ఏజెంటును రాసిమ్మనండి. బుర్జ్ ఖలీఫా టికెట్టు ఏ అంతస్తుకో, ఏ వేళకో కూడా రాయించుకోండి. "సిటీ టూర్" అంటే చాలాసార్లు కింద నిలబెట్టి ఫొటో తీయించడమే.

ప్యాకేజీ కొంటే ఏజెంటు టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను, తీసుకుంటాడు. అది పోయే డబ్బు కాదు, రిటర్నుల్లో సర్దుబాటవుతుంది. జీతం మీద రిటర్ను వేసే మీ భార్య పాన్ ఇవ్వండి, తర్వాత ఆ పన్ను ఆమె ఆదాయపు పన్ను ఖాతాలో పడిందో లేదో చూసుకోండి. ఆమె ప్రభుత్వోద్యోగి కాబట్టి పాస్‌పోర్టుకు శాఖ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) గానీ, ముందస్తు సమాచార పత్రం గానీ కావాలి. ఇది ఇప్పుడే మొదలుపెట్టండి.

మన సరిహద్దు కుటుంబాల్లో ఎక్కువ మంది చిక్కుకునేది పేరు దగ్గర. బడి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే, ఆధార్‌లో అసలు లేకపోవడం మామూలే. ఆ పేరుతోనే పాస్‌పోర్టు తీస్తే ఇంటిపేరు గడి ఖాళీగా వస్తుంది. 2022 నవంబరు నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్టుకు సందర్శక వీసా దగ్గర యూఏఈ (దుబాయ్ ఉన్న దేశం) అభ్యంతరం చెబుతోంది. ముందు ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు చేర్పించి, తర్వాతే పాస్‌పోర్టుకు వెళ్లండి. ప్రయాణం నాటికి పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువుండాలి. పిల్లల పాస్‌పోర్టులు సాధారణంగా ఐదేళ్లకే ఇస్తారు.

ఇక టవర్. 828 మీటర్ల ఆ కట్టడంలో 124, 125 అంతస్తులు ఒకే టికెట్టులో వస్తాయి. 124వ అంతస్తుకు లిఫ్టు ఒక నిమిషంలో చేరుతుంది. 148వ అంతస్తు టికెట్టు రెండింతలు దాటుతుంది, మీకు అక్కర్లేదు. పొద్దుగూకే వేళ టికెట్టు ఖరీదెక్కువ. పొద్దున వేళ తీసుకుంటే నేను వేసిన తలకు 200 దిర్హమ్‌ల లెక్క సరిపోవాలి. దిగాక దుబాయ్ మాల్ దగ్గర ఫౌంటెన్ ఒడ్డున నిలబడితే నీటి ఆట ఉచితం. కొన్న టికెట్టుకు డబ్బు వాపసు ఉండదు, అందుకే వీసా చేతికొచ్చాకే కొనండి. దుమ్ము కమ్మిన రోజు పైనుంచి ఏమీ కనిపించదు. వెళ్లే మూడు రోజుల ముందు వాతావరణం చూసుకుని ఆ వేళ ఎంచుకోండి.

అక్కడ కార్డు గీస్తే మెషీను "రూపాయల్లోనా, దిర్హమ్‌లలోనా" అని అడుగుతుంది. దిర్హమ్‌లే నొక్కండి.