ప్రార్థనలో కన్నీళ్లు వస్తే చాలా, బైబిలు వాక్యం కూడా అర్థం కావాలా?

ఒంగోలులోని మీ సంఘంలో యూత్‌ కన్నీటి ప్రార్థన కావాలంటుంటే, పెద్దలు వాక్యధ్యానం చాలంటున్నారని రాశారు. ఆత్మతోనూ, మనసుతోనూ ప్రార్థిస్తానన్నాడు పౌలు (1 కొరింథీ 14:15). రెండూ కావాలి.

మనసుతో అర్థం చేసుకోవడమూ ఎందుకు ముఖ్యమో మీ జిల్లా చరిత్రే చూడండి. 1876-78 కరువులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో జనానికి కూలి ఇప్పించాడు గానీ, బాప్తిస్మాలు మాత్రం నెలల తరబడి ఆపేశాడు, కడుపు కోసం వస్తున్నారేమోనని. తర్వాత ఒక్కొక్కరినీ ప్రశ్నలడిగాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

ఉపవాస కూటంలో మైకు హోరుకు నేనూ ఏడ్చాను. ఇంటికొచ్చాక పాస్టరుగారు ఏ వచనం చదివారో గుర్తే లేదు! అప్పట్నుంచి నోట్‌బుక్ తీసుకెళ్తున్నా. పాట మొదలైతే మూసేస్తా.