పురుగు విడిచేది కూడా కుబుసమేనా?

సందేహం: మా బాల్కనీలో కరివేపాకు మొక్కకు సీతాకోకచిలుక పురుగులు పట్టాయి. నిన్నటిదాకా పిట్ట రెట్టలా ఉన్నది పొద్దున్నే చూస్తే పచ్చగా మారింది. పక్కనే చిన్న తొక్క. 'కుబుసం విడిచింది' అన్నాను. మా అమ్మాయేమో 'కుబుసం పాముకే నాన్నా, పురుగుది నిర్మోచనం' అంటోంది. ఏది సరైనది?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి, హైదరాబాద్

సమాధానం: అమ్మాయి చెప్పింది పాఠ్యపుస్తకాల మాట, పరీక్షలో అదే రాయాలి. కానీ కుబుసం పాముకే పరిమితం అనడం సరికాదు. ఆ లెక్కన నిర్మోచనానికీ అదే చిక్కు: అదే ధాతువు నుంచి వచ్చిన 'నిర్మోకం' అంటే సంస్కృతంలో పాము పొరే!

కుబుసానికి రవిక, అంగీ అనే పాత అర్థాలూ ఉన్నాయి. 'కంచుకం' కూడా అంతే, రవికా అదే, పాము పొరా అదే. ఒంటిమీది తొడుగును విడిచే ఏ జీవికైనా ఈ మాట చక్కగా అతుకుతుంది.

పురుగు విషయంలో మరీను. దాని పైపొర ఒంటితో పాటు పెరగదు. అది బిగుతయ్యే వేళకు మెదడు నుంచి ఒక హార్మోన్ వెలువడుతుంది. ఆ కబురు అందగానే ఛాతీ భాగంలోని గ్రంథులు ఎక్డైసోన్ అనే మరో హార్మోన్‌ను వదులుతాయి. పాత పొర కింద కొత్తది మెత్తగా, ముడతలు ముడతలుగా తయారవుతుంది. పాతది చిట్లి ఊడాక అది విప్పారి గట్టిపడుతుంది. ఎక్డైసోన్ పేరుకు మూలమైన గ్రీకు మాట 'ఎక్డిసిస్'కి కూడా ఒంటిమీది బట్ట విప్పడమనే అర్థం. ఎక్కడి గ్రీకు, ఎక్కడి తెలుగు! 1954లో బుటెనాంట్, కార్ల్‌సన్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల (పురుగు రెక్కల జీవిగా మారే ముందు కదలకుండా ఉండే దశ) నుంచి ఈ హార్మోన్‌ను 25 మిల్లీగ్రాములు తీయగలిగారు.

విప్పమనేది ఎక్డైసోన్ అయితే, విప్పాక ఏ వేషంలో కనబడాలో తేల్చేది జువెనైల్ హార్మోన్. అది నిండుగా ఉన్నంతకాలం ఎన్నిసార్లు కుబుసం విడిచినా గొంగళిపురుగు గొంగళిపురుగే. చివరి దశలో అది తగ్గిపోయాకే ప్యూపా అవుతుంది. దీన్ని 'బాల్య హార్మోన్' అన్నా తప్పులేదు.

హిందూపురం వైపు పట్టు రైతులైతే పురుగు కుబుసం విడిచే దశను 'జ్వరం' అంటారు. మేత మాని, తలెత్తి, కదలకుండా ఉండే పురుగును రోజూ చూసేవాళ్లకే తట్టే మాట. గూడు కట్టేలోపు దానికి నాలుగు జ్వరాలు. నాకు ఇది నిర్మోచనం కన్నా ఎంతో ఇష్టం.

మీకు తొక్క కనబడటం అదృష్టమే. ఈ పురుగులు తరచూ తాము విడిచిన కుబుసాన్ని తామే తినేస్తాయి, తల డిప్ప ఒక్కటే మిగులుతుంది. కుండీ మట్టిలో వెతకమని అమ్మాయికి చెప్పండి.