పొడి డబ్బా అమ్మే కోచ్‌ను నమ్మొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏండ్లు, బరువు 60 కిలోలు. అన్నం మానేసి రోజూ మూడు స్కూపుల ప్రొటీన్ పొడి తాగాలని జిమ్ కోచ్ చెప్పిండట. డబ్బా ఆయన దగ్గరే కొనాలట. నమ్మొచ్చా?
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: సలహా ఇచ్చేవారే సరుకు అమ్ముతుంటే కొనకుండా ఆగండమ్మా. బరువు ఎత్తేటప్పుడు నడుము వంగితే సరిదిద్దుతున్నాడా? అయితే కసరత్తులో ఆయన మాట వినొచ్చు. తిండి లెక్క వేరు. పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అంటే మీ బాబుకు దాదాపు 50 గ్రాములు. గట్టిగా బరువులెత్తినా కిలోకు 1.6 గ్రాములు దాటితే కండకు పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. మూడు స్కూపుల్లోనే సాధారణంగా 70 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. పప్పు, గుడ్లు, చికెన్ దీనికి అదనం. పైగా అన్నం పూర్తిగా మానితే కసరత్తుకు సత్తువ చాలదు.

బీపీ, షుగర్, కిడ్నీ సమస్యల గురించి ముందు అడిగాడా? అడగకుండా అందరికీ ఒకే చీటీ ఇచ్చేవారిని అసలు నమ్మొద్దు. డాక్టరునని చెప్పుకుంటే నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టర్‌లో పేరు వెతకండి. డబ్బాపై 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉండాలి. లేబుల్ లేని మాత్రలో, సూదో ఇస్తే వెంటనే జిమ్ మాన్పించండి.