చిల్లుల డిస్కులా, సాదావా? ముందు కొలిపించండి

ప్రశ్న: నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న పోర్షా కేమన్ స్పోర్ట్స్ కారు ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద దాటాక బ్రేకు నొక్కితే స్టీరింగ్ వణుకుతోంది. బ్రేకు డిస్కులు వంగిపోయాయి, నాలుగూ మార్చాలన్నారు ఒక వర్క్‌షాపులో. ఏడాదికోసారి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కు కూడా తీసుకెళతాను. చిల్లులున్నవి వేయించనా, గాట్లున్నవా, సాదావా? ఒక స్నేహితుడైతే కార్బన్ సిరామిక్ వేయించెయ్ అంటున్నాడు.
– ఒక పాఠకుడు, కొండాపూర్, హైదరాబాద్

జవాబు: ఇంకా ఏమీ కొనకండి. స్టీరింగ్ వణుకుతోందంటే అనుమానం ముందు చక్రాల డిస్కుల మీద. వెనకవైతే సీటు కింద తెలుస్తుంది. కొలవకుండానే నాలుగూ మార్చమన్న మాట నాకు నచ్చలేదు. మార్చాల్సి వస్తే ముందు జత, లేదా వెనక జత. అంతేగానీ ఒక్కటే మార్చకూడదు, నాలుగూ మార్చి తీరాలనీ లేదు.

ఇలా వణికే కార్లు విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు వస్తూనే ఉంటాయి. డిస్కు నిజంగా వంగినవి అరుదు. వేగంలో గట్టిగా బ్రేకులు కొట్టుకుంటూ వచ్చి, డిస్కు బాగా కాలి ఉండగా సిగ్నల్ దగ్గర ఆగి, పెడల్ మీద కాలు అలాగే ఉంచేస్తారు. డిస్కును నొక్కి పట్టే ప్యాడ్ పదార్థం ఆ చోట అంటుకుపోతుంది. డిస్కు విప్పి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తే ప్యాడ్ ఆకారంలోనే ముదురు మచ్చ కనిపిస్తుంది. మందంలో 0.02 మి.మీ. తేడా చాలు, స్టీరింగ్ చేతుల్లో ఆడటానికి.

రెండో కారణం, చక్రమూ డిస్కూ బిగించే హబ్ మీది తుప్పు. డిస్కు కూర్చునే చోట ఒక పక్క తుప్పు పెచ్చు మిగిలిపోతే, పైన ఎంత ఖరీదైన డిస్కు వేసినా వంకరగానే తిరుగుతుంది. వైర్ బ్రష్షుతో హబ్ మెరిసేదాకా గీకించి, వంకర కొలిచే డయల్ గేజ్ పెట్టి డిస్కును ఒక చుట్టు తిప్పించండి. ముల్లు 0.05 మి.మీ. లోపే ఆడాలి. ఇది చేయకుండా కొత్తవి బిగిస్తే కొన్నాళ్లకు అదే వణుకు మళ్లీ మొదలవుతుంది.

మందం మైక్రోమీటర్‌తో, ప్యాడ్ రాసుకునే చోట కొలవాలి. అంచున అరగని గట్టు ఉంటుంది, వెర్నియర్ కొలబద్ద దాని మీద పడి ఎక్కువ చూపిస్తుంది. ఎంతదాకా అరగవచ్చో డిస్కు మీదే చెక్కి ఉంటుంది. కొత్త మందానికీ దానికీ తేడా సాధారణంగా 2 మి.మీ.నే. చిల్లుల చుట్టూ వెంట్రుకవాసి గీతలుంటే కనిపెట్టుకుని ఉండండి. గీత ఒక చిల్లు నుంచి ఇంకో చిల్లుకు కలిసినా, అంచును తాకినా ఆ డిస్కు మార్చాల్సిందే.

మార్చాలనే తేలితే, ఏది? డిస్కు పని వేడిని పట్టి ఉంచుకుని గాలికి వదలడం. మీతో కలిపి కారు బరువు 1,400 కిలోలనుకుందాం. ట్రాక్ మీద 200 నుంచి 80 కి.మీ. వేగానికి దింపితే పుట్టే వేడితో ఆరు లీటర్ల నీళ్లు మరుగుతాయి. అందులో దాదాపు మూడింట రెండు వంతులు ముందు డిస్కుల మీదే పడుతుంది. 8 కిలోల ఇనప డిస్కు ఆ ఒక్క బ్రేకుకే సుమారు 150 డిగ్రీలు వేడెక్కుతుంది. అది చల్లారకముందే తర్వాతి మలుపు వచ్చేస్తుంది. అందుకే డిస్కులో ఇనుము బరువుగా ఉండటం మీకు మంచిది. చిల్లులు వేయడమంటే ఆ ఇనుమును తీసేయడమే.

కంపెనీ ఇచ్చినవే చిల్లులవి కదా అంటారు. నిజమే. వానలో ప్యాడ్ కింద నీరు పోవడానికి అవి పనికొస్తాయి, మన వానాకాలంలో అది తక్కువ లాభం కాదు. కంపెనీవాళ్లు చిల్లు అంచును నున్నగా చెక్కుతారు, డిస్కు లోపల గాలి ఆడేందుకు ఉండే రెక్కల లెక్క చూసుకుని చోటు నిర్ణయిస్తారు. సాదా డిస్కుకు తర్వాత డ్రిల్లు వేసి చవగ్గా అమ్మేవాటి సంగతి వేరు. అంచు పదునుగా ఉన్న ప్రతి చిల్లు దగ్గరా పగులు మొదలవ్వచ్చు. వాటి జోలికి పోకండి. గాట్లవి ట్రాక్‌కు మంచివే, ప్యాడ్ ముఖాన్ని గీకి శుభ్రంగా ఉంచుతాయి. కానీ ప్యాడ్ త్వరగా అరుగుతుంది, మోత వస్తుంది. ఏడాదికి ఒక్క రోజు కోసం మిగతా ఏడాదంతా ఆ మోత ఎందుకు? కంపెనీ సైజు, కంపెనీ రకం డిస్కులే వేయించండి. ట్రాక్ రోజులు పెరిగినప్పుడు గాట్ల సంగతి చూద్దాం.

కార్బన్ సిరామిక్ వద్దు. ఇనప డిస్కులో సగం బరువే ఉంటుంది, మాట నిజం. కానీ డిస్కొక్కటే మారిస్తే సరిపోదు, ప్యాడ్లూ, వాటిని నొక్కే కాలిపర్లూ దానికి తగ్గవి కావాలి. చక్రం విప్పేటప్పుడు తగిలితే అంచు పెచ్చు లేస్తుంది. ఆ డబ్బులో కొద్ది భాగం మంచి ప్యాడ్లకూ బ్రేకు ఆయిలుకూ పెట్టండి. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. ట్రాక్ మీద పెడల్ మెత్తబడి లోపలికి పోయేది అందుకే. ట్రాక్‌కు వెళ్లే ముందు తప్పకుండా మార్పించండి.

బిగించేటప్పుడు ఎడమ, కుడి చూసుకోమనండి. లోపలి రెక్కలు వంపుగా ఉంటే, చక్రం ముందుకు తిరిగేటప్పుడు వాటి కొసలు వెనక్కి వాలి ఉండాలి. బయటి గాట్ల వాలు చూసి బిగించేవాళ్లున్నారు, అది తప్పు. కొత్త డిస్కులకు కొత్త ప్యాడ్లే వేయించి, వెనక బండ్లు లేని రోడ్డు మీద 100 నుంచి 20కి ఎనిమిది పదిసార్లు ఓ మోస్తరుగా బ్రేకు వేయండి. పూర్తిగా ఆపొద్దు. తర్వాత పది నిమిషాలు బ్రేకు ముట్టకుండా నడపండి.

కొలతలు తీయించాక నాలుగు డిస్కులవీ రాసి పంపండి. చూసి చెబుతాను.