మైపాడా, కోడూరా? నా సమాధానం

మే నెలలో ఇద్దరు చిన్నపిల్లలతో, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారితో నెల్లూరు నుంచి ఒక్కరోజు సముద్రానికి వెళ్లాలి, కారు లేదు, మైపాడా కోడూరా అని అడిగారు కదండీ. మీకైతే మైపాడే మంచిది. సుమారు 25 కిలోమీటర్లు, నెల్లూరు నుంచి ఆర్టీసీ బస్సు ఉంది. కోడూరు ప్రశాంతంగా ఉంటుంది, వేళాంగణి మాత చర్చి కూడా ఉంది, కానీ అది సొంత బండి ఉన్నప్పుడు పెట్టుకోండి.

అసలు విషయం బీచ్ కంటే టైమే. పొద్దున ఆరింటికల్లా నీళ్ల దగ్గర ఉండి, తొమ్మిదికి తిరుగు ప్రయాణం అవ్వండి. తర్వాత ఇసుక కాలిపోతుంది, అమ్మగారు నడవలేరు. చిన్న మడత కుర్చీ, గొడుగు, మజ్జిగ తప్పకుండా తీసుకెళ్లండి. దారిలో తాటిముంజలు కనిపిస్తే వదలకండి, పిల్లలకు చలవ.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. అలలు విరగకుండా మధ్యలో ఒకచోట నీళ్లు నిమ్మళంగా కనిపిస్తే అది సురక్షితం అనుకోకండి. చాలాసార్లు నీళ్లు లోపలికి లాగేది అక్కడే. పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వద్దు, చెయ్యి వదలొద్దు. ఈత వచ్చినవాళ్లైనా సరే, లాగేస్తే ఒడ్డుకి ఎదురీదకూడదు. ఒడ్డు వెంబడి పక్కకి ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఈత రానివాళ్లు తేలుతూ చెయ్యెత్తి కేకెయ్యాలి. స్థానిక జాలర్లు ఏ చోట దిగొద్దంటే అక్కడ దిగకండి.